వెనక నుంచి రావలసిన మాట

ట్యాంకరు వచ్చే రోజు ఆ ఇల్లు బిందెల చప్పుడుతోనే నిద్ర లేచేది. ఆ ఆదివారం కూడా చెన్నమ్మ తెల్లారకముందే వసారాలో చతికిలబడి, నీటి చుక్క వాడకుండా ఉత్త బూడిదతో బిందెలన్నీ రుద్ది, గడప పక్కన వరసగా బోర్లించింది. వాటిలో ఒకదానికి పొట్ట దగ్గర పెద్ద సొట్ట ఉంది. దాన్ని మాత్రం కాస్త ఎక్కువసేపు రుద్దింది. వానలు ఎగ్గొట్టడం అది వరుసగా మూడో ఏడు. రెండువేల మూడులో కదిరి చుట్టుపక్కల పల్లెల్లో సగం ఇళ్ళు ఇలాగే తెల్లారేవి.

వసారా మూలన నులకమంచం మీద చౌడేశ్వరి ఎప్పుడో మేలుకుంది. కుడికాలు మడతపెట్టిన బొంత మీద చాపి ఉంది. మోకాలి వాపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ సాయంత్రానికి ఉబ్బుతోంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఖోఖోలో జిల్లా జట్టుకు కెప్టెను, ఇప్పుడు పెరట్లోకి పోవాలన్నా కట్టె కావాలి.

అరుగు మీద తండ్రి గోవిందప్ప కాడిని గుడ్డతో తుడుస్తున్నాడు. ఎద్దులను పోయిన ఉగాదికే అమ్మేశాడు. ఎద్దులు లేని కాడిని ప్రతి ఆదివారం ఎందుకు తుడుస్తాడో అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కూతురికి వీపు పెట్టి కూర్చోవడం ఆయనకు ఈమధ్య కొత్తగా వచ్చిన అలవాటు.

"నాయనా, మా కాలేజీ ఖాజా సారు ఈ పొద్దు వస్తాడంట," అంది చౌడేశ్వరి.

గోవిందప్ప కాడి తిప్పి రెండో పక్క తుడవడం మొదలుపెట్టాడు.

"పిల్ల నీతోనే మాట్లాడేది," అంది చెన్నమ్మ.

"నాకు ఆయమ్మకు మధ్య ఉండింది ఒకటే మాట. అది తప్పిపాయ. ఇంగేం మాట్లాడేది," అన్నాడు భార్యతోనే.

లోపల్నుంచి వదిన జయంతి టీ గ్లాసు తెచ్చి మంచంకోడు పక్కన పెట్టింది. ఐదు నెలలు దాటిన కడుపుతో వంగడం కష్టంగా ఉన్నా, చౌడేశ్వరి చేతికి ఇవ్వకుండా కిందే పెట్టింది. చేతికి ఇస్తే మొహం చూడాల్సి వస్తుంది. గ్లాసు పెట్టి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఖోఖోలో వరసగా కూర్చున్నవాళ్ళు ఒకరు అటు, పక్కనవాళ్ళు ఇటు మొహం పెట్టి కూర్చుంటారు. ఆ ఇంట్లో కూడా మనుషులు నెల రోజులుగా అలాగే కూర్చుంటున్నారు. ఆటలో అయితే అది పద్ధతి. ఇంట్లో దాన్ని ఏమనాలో చౌడేశ్వరికి తెలియలేదు.

గోవిందప్పకు ఆ ఆట ఎప్పుడూ అర్థం కాలేదు. కూతురు కదిరి కాలేజీలో చేరి కప్పు తెచ్చిన రోజు మాత్రం కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం ఆటమ్మా, కూకోనేదేంది, లేసేదేంది?" అని అడిగాడు.

"ఊరికే లేయకూడదు నాయనా. మన వెనక నుంచి మన మనిషే వస్తాది. వీపు మీద చెయ్యేసి ఖో అనాల. అప్పుడు లేయాల."

"ముందే లేస్తే?"

"ఫౌల్. ఉత్త చెయ్యేసి మాట అనకపోయినా ఫౌలే. చెయ్యీ మాటా రెండూ పడాల. ఇంగొకటి, లేచినంక ఎనక్కి తిరిగి చూడకూడదు. ముందుకే పోవాల."

"మనింట్లో మీ అమ్మ పొద్దన్నుంచి అంటానే ఉంటాది కదా ఖో, ఖో అని," అని నవ్వాడాయన. ఆ నవ్వు నవ్విన మనిషి ఈయనేనా అని చౌడేశ్వరి ఇప్పుడు ఆ వీపు వైపు చూసింది.

మొదటి దెబ్బ ఆటలోనే తగిలింది. జోనల్ ఫైనల్లో వరస చివర పాతిన పోల్ పట్టుకుని గిర్రున తిరిగే చోట మోకాలు మెలిపడింది. అనంతపురంలో డాక్టరు చూసి, లోపల లిగమెంటు సగం తెగిందన్నాడు. కట్టు కట్టాడు. ఎండాకాలం దాకా బరువులెత్తకుండా, కాలు మెలిపెట్టకుండా, చెప్పిన వ్యాయామం చేసుకుంటే మేలో జరిగే రాష్ట్ర జట్టు క్యాంపుకు పోవచ్చన్నాడు. ఆ క్యాంపులో నిలబడితే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం కూడా రావచ్చని ఖాజా పీర్ సారు చెప్పాడు. ఆయన కాలేజీలో పీఈటీ. ఆడపిల్లల చేత ఖోఖో ఆడించడానికి ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల కాళ్ళావేళ్ళా పడినవాడు.

ఆస్పత్రి వరండాలోనే గోవిందప్ప కూతురి ముందు తల వంచాడు.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టు. డాక్టరు పొమ్మనేదాకా గ్రౌండు మొగం చూడనని చెప్పు."

చౌడేశ్వరి చెయ్యి పెట్టింది. నూనె లేక బిరుసెక్కిన ఆయన జుట్టు అరచేతికి గుచ్చుకుంది. చెప్పింది. మాట నిలబెట్టుకుంది కూడా. అదే అసలు విచిత్రం.

నెల కిందట ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మంచం మీద ఉన్నారు, ఒకరు వంటింట్లో ఉన్నారు.

ఆ రోజు పొద్దున రావలసిన ట్యాంకరు రాలేదు. చెరువు పూడిక తీసే కరువు పనికి ఆలస్యమైతే పేరు రాసుకోరు. చెన్నమ్మ బిందెల వైపు, రోడ్డు వైపు, ఇంట్లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లల వైపు చూసింది. ఒకతెకు మోకాలు. ఇంకొకతెకు కడుపు. జయంతికి అంతకుముందు ఏడాది ఐదో నెలలోనే గర్భం పోయింది. బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు మోస్తూ గడపలో పడింది. ఈసారి చెంబు కూడా ఎత్తకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పిపోయింది. జయంతి భర్త, చౌడేశ్వరి అన్న తిప్పేష్ తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే పనిలో ఉండి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అదే మాట చెప్పి పోయేవాడు.

"ఇద్దురు రాణులుండారు ఇంట్లో," అంది చెన్నమ్మ పార భుజాన వేసుకుంటూ. "ట్యాంకరొస్తే ఒకరి మొగం ఒకరు చూసుకోని కూకోండి. రేపటికి దాంతోనే దప్పిక తీర్చుకుందాం."

చెన్నమ్మ చెడ్డ మనిషి కాదు. ఇద్దరి పనీ తన నెత్తిన పడ్డ మనిషి. నోటికి వచ్చింది అనేసి, చెరువు గట్టు ఎక్కేలోపే మర్చిపోయి ఉంటుంది. విన్నవాళ్ళు మర్చిపోలేదు.

ట్యాంకరు మిట్టమధ్యాహ్నం వచ్చింది. మళ్ళీ నాలుగు రోజుల దాకా రాదు. ట్యాంకరు దగ్గర అక్కాచెల్లెళ్ళు కూడా ఒకరికొకరు కారు. పైపు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే రాజ్యం. జయంతి లేచి సొట్టబిందె చంకకెత్తుకుంది.

"పెట్టు వదినా దాన్ని," అంది చౌడేశ్వరి.

"పెడితే ఎవురు తెస్తారు? నీ కప్పు తెస్తాదా?"

ఇద్దరికీ పొద్దుటి మాట మండుతూనే ఉంది. అది ఒకరి మీద ఒకరికి మళ్ళింది. చౌడేశ్వరి లేచింది. ఎవరూ లెమ్మని అనలేదు, తనే లేచింది. వదిన చంకలో బిందె లాక్కుని కుంటుతూ రోడ్డు మీదికి నడిచింది.

ఒక బిందె వచ్చింది. రెండోది వచ్చింది. అలవాటైన ఒళ్ళు, బరువు బాగానే మోసింది. ఆ ఊపులో మోకాలు బాగయిందని కూడా అనుకుంది. మూడోది సొట్టబిందె. గడప దగ్గర నీళ్ళొలికి బండ తడిసి ఉంది. చంకలో బిందెతో గడప ఎక్కబోయి ఒళ్ళు తిప్పింది. పాదం తిరగలేదు. చెనిక్కాయ ఒలిచినంత చిన్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడేమిటో ఆమెకు తెలుసు. ఒకసారి విన్నదే.

పడుతూ కూడా బిందెను వదల్లేదు. జయంతి పరుగెత్తుకొచ్చింది. వచ్చి ముందు బిందె పట్టుకుంది. నీళ్ళు ఒలకకుండా దాన్ని నిలబెట్టి, ఆ తర్వాత చౌడేశ్వరి భుజం పట్టుకుంది. రెంటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. అయినా చౌడేశ్వరి చూసింది.

నొప్పిలోనే ఆలోచన వచ్చింది. "గ్రౌండుకు పోయి పడినానని చెప్తా. ఆటోలో పోయి ఆటోలో వచ్చినానని చెప్తా. నువ్వు నోరు తెరవద్దు."

"అంత అబద్ధం ఎట్ల చెప్తావే?"

"బిందె మోస్తా పడినానని కాలేజీలో చెప్పుకోమంటావా? ఇంగ అమ్మకు తెలిస్తే నిన్ను బతకనిస్తాదా? నువ్వు పండుకోనుంటివి. నీకేం తెలీదు."

ఆ రెండు కారణాల్లో ఏది పెద్దదని అడిగితే చౌడేశ్వరి కూడా చెప్పలేకపోయేది. వదిన మీద జాలి ఉంది. కానీ తొమ్మిది మందిని తప్పించుకుని ఉరికే పిల్లని మూడు బిందెల నీళ్ళు పడగొట్టాయనే సిగ్గు అంతకు తక్కువేం కాదు.

తండ్రి తల మీద పెట్టిన చెయ్యి ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు. సాయంత్రం గుర్తొచ్చింది. పని నుంచి వచ్చిన గోవిందప్ప బిందెలో చెంబు ముంచుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు కూతురి కాలు చూశాడు. గ్రౌండు అన్న మాట విన్నాక ఆయన తిట్టలేదు. తన నెత్తి తాను ఒకసారి తడుముకుని బయటికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత డాక్టరు తేల్చేశాడు. సగం తెగింది పూర్తిగా తెగింది. నడవడానికి ఈ కాలు చాలు. పరిగెత్తాలంటే ఆపరేషను కావాలి. దానికి తండ్రి వెంట రావాలి, సరేననాలి. తండ్రేమో పలకడం మానేశాడు.

నిజం చెబితే ఒక్క పూటలో అన్నీ చక్కబడేవి. చెప్పడానికి నోరు తెరిచిన ప్రతిసారీ వంటింట్లో జయంతి గాజుల చప్పుడు వినపడేది. నోరు మూసుకునేది. మెల్లగా ఆ జాలి కాస్తా విషంగా మారింది. చెప్పొద్దన్నది తనే. చెప్పనందుకు కోపం కూడా తనకే. నా కాలు పోతున్నా చూస్తూ కూర్చుంది చూడు, ఒక్క మాట అనలేకపోయింది చూడు అని పళ్ళు నూరుకునేది. జయంతి పెట్టిన సంగటి కావాలనే సగం వదిలేసేది.

ఖాజా పీర్ సారు లూనా శబ్దం వీధి మలుపులోనే వినపడింది. చెన్నమ్మ కుర్చీ తుడిచి వేసింది. జయంతి టీ పెట్టడానికి లోపలికి పోయింది. గోవిందప్ప కాడిని గోడకు ఆనించి, పలకరింపుగా తల ఊపాడు.

సారు కూర్చోగానే విషయంలోకి వచ్చాడు. "గోవిందప్పా, బెంగుళూరు డాక్టరు ఒప్పుకున్నాడు. ఆటగాళ్ళ దగ్గర ఆయన ఏమీ తీసుకోడు. బుధవారం రమ్మన్నాడు. నువ్వు వచ్చి సరే అంటే చాలు."

"కట్టె పట్టుకోని నడుస్తాంది కదా సారూ. నాలుగు దినాలు పోతే కట్టె లేకుండా నడుస్తాది. సంసారానికి ఆ కాలు చాలు."

"పరిగెత్తేకి చాలదప్పా."

"పరిగెత్తేది యాడికి?"

సారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "క్యాంపు పాయ. ఈ పిల్ల బదులు ధర్మవరం పిల్లను తీసుకున్నారు, నిన్ననే తెలిసింది. నేనేం దాచను. ఆపరేషన్ అయినంక కూడా ఏడాది పడతాది. అప్పుడు కూడా ముందు మాదిరి ఉరుకుతాదని డాక్టరు మాటియ్యలే. కానీ ఒక దారి ఉండాది. దాన్ని మనమే మూసేస్తే ఎట్ల?"

క్యాంపు పోయిందన్న మాట చౌడేశ్వరి అప్పుడే విన్నది. ధర్మవరం పిల్ల ఎవరో కూడా తెలుసు. పోల్ దగ్గర తడబడే పిల్ల, ఎలా తిరగాలో తనే నేర్పింది. మంచం నులక వేలికి చుట్టుకుని గట్టిగా లాగింది.

"సారూ, నువ్వు చదువుకున్నోనివి, నీకు నా మాట మోటుగా ఉంటాది," అన్నాడు గోవిందప్ప. ఆయన గొంతు పెరగలేదు. "నాకు ఎద్దులు పాయ, పంట పాయ. ఉండేది ఈ తలకాయ ఒకటి. దాని మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, నేను మన్ను మోసేకి పోయిన దినం చూసి, ఆటోలో గ్రౌండుకు పాయ. నేను చస్తే ఏమి, బతికితే ఏమి అనుకున్నట్లే కదా. అట్లాంటి బిడ్డకు కాలు బాగుచేయించి యాడికి పంపీమంటావు?"

 ఖాజా సారు చౌడేశ్వరి వైపు తిరిగాడు. ఆయన మొహంలో కూడా కోపం ఉంది, చాలా రోజులుగా దాచుకున్నది.

"నాకు కూడా అర్థం కాని మాట అదే చౌడీ. ఏ గ్రౌండుకు పోయినావు నువ్వు?"

"మన కాలేజీ గ్రౌండుకే సార్."

"ఆడ ఏం చేస్తాంటివి?"

"పోల్ దగ్గర తిరిగేది... ఒకసారి చూసుకుందామని."

ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "యా పోల్ దగ్గర?"

చౌడేశ్వరికి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు.

"గ్రౌండు యాడుండాదమ్మా? శివరాత్రికి ముందే, నువ్వు ఇంగా పడకముందే, మేత లేని పశువులకు క్యాంపు పెట్టిరి కదా ఆడ. మార్కెట్ యార్డు చాలలేదని మన గ్రౌండు తీసుకునిరి. అడుగు పెట్టేకి సందు లేదు. మన పోల్‌లకు ఎద్దులను కట్టేసినారు. నువ్వు తెలుసుకుంటే వ్యాయామం మానేస్తావని, నీకు చెప్పొద్దని ఆడపిల్లలకు నేనే చెప్పిపెట్టినా."

కదిరికి నాలుగు అడుగులు వేసిన వాళ్ళెవరికైనా తెలిసిన సంగతి అది. ఆ ఇంట్లోనే తెలియలేదు. చౌడేశ్వరి, జయంతి ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. చెన్నమ్మకు చెరువు పనితోనే సరిపోయేది. గోవిందప్ప ఎద్దులు అమ్ముకున్నాక పశువులు కనపడే దారి మానేశాడు.

ఆయన అరుగు మీద నుంచి లేచాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి కూతురి మొహంలోకి చూశాడు.

"మరి యాడ పడితివి?"

ఈ గొంతు కోసం నెలరోజులుగా ఎదురుచూసింది. తీరా అది వచ్చి తనను అడిగినప్పుడు చౌడేశ్వరి తల దించుకుంది. "యాడో ఒకచోట పడితిలే నాయనా. కాలైతే పాయ కదా."

"ఈడే మామా. ఈ గడప దగ్గర."

జయంతి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఏడవడం లేదు. మొహం మాత్రం బూడిద రంగుకు తిరిగింది.

"ట్యాంకరు మధ్యాన్నం వచ్చింది ఆ పొద్దు. నేను బిందె ఎత్తుకుంటే పెరుక్కున్నింది. రెండు తెచ్చి, మూడోదానికి ఈ బండ మీద పడింది. గ్రౌండు మొగం చూడలే మామా. నీ నెత్తి మీద పెట్టిన మాట తప్పలే."

"నువ్వు చూస్తానే ఉంటివా?" చెన్నమ్మ గొంతు పైకి లేచింది. "నెలదినాలు నా బిడ్డను నాయన తిరిగి కూడా చూడకుంటే, నువ్వు నోట్లో బెల్లం పెట్టుకోని..."

"తిట్టు అత్తా. నేను పడాల్సిందే. నీకు చెప్పొద్దని చౌడీ అనె, నేను సరే అనుకుంటి. బయపడితి." జయంతి తర్వాత మాట అనాలా వద్దా అని ఒక్క క్షణం చూసింది, అనేసింది. "కానీ ఆ పొద్దు సాయంత్రం మూడు బిందెలు నిండుగా ఉండె ఇంట్లో. నన్ను ఎత్తొద్దనిరి. చౌడీని ఎత్తొద్దనిరి. మీరిద్దురూ చెరువు కాడ ఉంటిరి. ఆ నీళ్ళు ఎట్లొచ్చెనని ఎవురన్నా అడిగిరా? అందరం తాగితిమి."

చెన్నమ్మకు ఇద్దరు రాణులన్న తన మాట అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "నేనే కదా అంటి," అంది తనలో తాను. "ఒకరి మొగం ఒకరు చూసుకోండని నేనే కదా అంటి." కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

గోవిందప్ప గడప దగ్గరి బండ వైపు చూశాడు. తర్వాత మూలనున్న చెంబు వైపు చూశాడు. వీధిలోకి నడిచాడు. ఖాజా సారు చల్లారిన టీ అలాగే వదిలేసి లేచాడు. పోతూ పోతూ చౌడేశ్వరి మంచం దగ్గర ఆగి, "బుధవారం పొద్దున మొదటి బస్సు. నేను కదిరిలో ఎక్కుతా," అన్నాడు. వస్తారో రారో అడగలేదు.

ఇల్లు సద్దుమణిగాక జయంతి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. నెల రోజుల్లో మొదటిసారి.

"చెప్పొద్దంటి కదా," అంది చౌడేశ్వరి. మెత్తగా అనాలనుకుంది. మాట కరుకుగానే వచ్చింది.

"నువ్వు చెప్పొద్దంటివని చెప్పకుండా ఉండలే పాపా. నాకు అదే బాగుండె. నీ కాలు పోయిందని తెలిసినప్పుడు నాకు మొదట ఏమనిపించె తెల్సా? నా కడుపు నిలిచింది అనిపించె. దాని తర్వాతనే ఏడుపొచ్చె."

చౌడేశ్వరి తను పడిన బండ వైపు చూసింది. "నువ్వు ముందు బిందె పట్టుకుంటివి," అంది చివరికి. "నేను చూస్తి."

"పట్టుకుంటి." జయంతి దాచుకోలేదు. గడప పక్కనున్న సొట్టబిందె వైపు తల ఊపింది. "పోయినేడు నేను దాన్ని ఎత్తుకోనే పడితి. మీ అమ్మ ఉరుకుతా వచ్చి, ముందు దాన్ని లేపి చూసింది, సొట్ట పడిందని. తర్వాత నన్ను చూసింది. ఆయమ్మ తప్పు కాదులే. ఈ ఊర్లో నీళ్ళు అట్ల నేర్పించినాయి. నేనూ నేర్చుకుంటి."

ఆ రోజు చౌడేశ్వరికి గుర్తుంది. వదిన నెత్తుటి చీరతో వసారాలో పడుకుని ఉంటే, ప్రాక్టీసుకు టైమవుతోందని తను సంచి తగిలించుకుని బస్సెక్కింది. సాయంత్రం వచ్చి ఎట్లుండాది అని కూడా అడగలేదు. అడగడానికి ఏదో సిగ్గు అడ్డం వచ్చింది. ఆ సంగతి జయంతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే తేలికయ్యేది. చౌడేశ్వరి చెయ్యి చాచి వదిన ముంజేయి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, కోపం ఇంకా అందులో ఉంది. జయంతి చెయ్యి లాక్కోలేదు. ఇద్దరూ అలాగే కూర్చుని ఏడ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

ట్యాంకరు హారన్ పొద్దు వాలే వేళకు మోగింది. చెన్నమ్మ కళ్ళు తుడుచుకుని లేచేసరికి గడప పక్కన బిందెలు లేవు. అన్నిటినీ గోవిందప్ప ఎత్తుకుపోయాడు.

ఆ ఊళ్ళో మగవాళ్ళు నీళ్ళు తేరని కాదు. సైకిలుకు కట్టుకుని తెస్తారు, బండి మీద తెస్తారు. బిందె పట్టుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడిన మగవాణ్ణి మాత్రం ఆ రోజే చూశారు. "ఏమప్పా గోవిందప్పా, చెన్నమ్మ యాడికన్నా పోయిందా?" అని ఎవరో కదిపారు. వరసంతా నవ్వింది. ఆయన బిందె నింపుకున్నాడు. చంకకెత్తుకోవడం రాక బిందెను భుజం మీద పెట్టుకున్నాడు. నీళ్ళు చొక్కా మీద, పంచె మీద కారుతున్నాయి. చెన్నమ్మ ఎదురెళ్ళి అందుకోబోయింది. ఇవ్వలేదు. ప్రతిసారీ గడప దగ్గర ఆగి, తడి బండను కాలితో తడిమి చూసుకుని, అప్పుడు లోపలికి అడుగు పెట్టాడు. సగం నీళ్ళు దారిలోనే పోయాయి. ఆ వృథా చూసి కూడా చెన్నమ్మ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

రాత్రి తిండి దగ్గరా మాట లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. ఆయన మునుపటిలా వీపు పెట్టి కూర్చోవడం మానేశాడు, అంతే. కూతురి ఎదురుగా కూర్చుని, ఏదో అడగబోయి, గొంతు సవరించుకుని, బీడీ వెలిగించుకునేవాడు. తప్పయింది అనడం ఆయన నాన్న ఆయనకు నేర్పలేదు. బుధవారం వస్తాడో రాడో ఎవరికీ తెలియలేదు. మొండితనంలో చౌడేశ్వరి కూడా తండ్రి బిడ్డే, అడగలేదు.

బుధవారం తెల్లవారుజామున చెన్నమ్మ జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి గుడ్డలో మూట కట్టింది. జయంతి సంచి సర్ది, చౌడేశ్వరి కట్టెను అరుగుకు ఆనించింది. చౌడేశ్వరి అరుగు అంచున కుడికాలు చాపుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. దూరంగా ఊరి మలుపులో బస్సు హారన్ వినపడింది. చెన్నమ్మ లోపలికి తొంగి చూసి, చూపు తిప్పుకుంది.

వెనక అడుగుల చప్పుడు అయింది. ఉతికిన చొక్కా వాసన వచ్చింది. ఒక బరువైన చెయ్యి వచ్చి చౌడేశ్వరి వీపు మీద పడింది. మన్ను మోసి కాయలు కాసిన అరచెయ్యి. లేవదీయడానికే వచ్చింది గాని, లేవదీయకుండా అక్కడే ఆగిపోయింది. ఆయన ఊపిరి బరువుగా వినిపిస్తోంది. ఏదో అనాలని ఉంది, రావడం లేదు.

చౌడేశ్వరి తల తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ అంది.

"ఉత్త చెయ్యేస్తే ఫౌల్ నాయనా. మాట కూడా రావాల."

చెన్నమ్మ మూట పట్టుకుని నిలబడిపోయింది. జయంతి కడుపు మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. బస్సు హారన్ ఇంకాస్త దగ్గరైంది.

"ఖో," అన్నాడు గోవిందప్ప.

గట్టిగా అనాల్సిన మాట అది. గ్రౌండులో అవతలి చివరిదాకా వినపడాలి. ఆయన నోట్లో అది ఎవరికీ వినపడకూడదన్నట్టు వచ్చింది, మధ్యలో విరిగింది. చౌడేశ్వరి కట్టె అందుకుని లేచింది. మోకాలు భగ్గుమంది. పళ్ళు బిగించి నిలదొక్కుకుంది.

లేచాక వెనక్కి చూడకూడదు, ముందుకే పోవాలి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గోవిందప్ప చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ పట్టుబడ్డాడు. అది ఫౌలని చౌడేశ్వరికి తెలుసు, తెలిసే చూసింది.